సృష్టికి ముందు ఏముంది? నీళ్లే, కానీ ఎవరి నీళ్లు?

(తెర మీద: ఎండలో పరిచిన ఉప్పు చేపలు. గొంతు మాత్రమే వినిపిస్తుంది.)

పెద్ద చేపను ఎండబెట్టాలంటే ముందు నిలువునా చీలుస్తారు. రెండు సగాలూ పరిచి ఉప్పు పట్టిస్తారు. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న పాత నగరం బాబిలోన్. అక్కడి వాళ్ల లెక్కలో ఆకాశం తయారైంది కూడా అలాగే. మర్దూక్ అనే దేవుడు తియామత్ అనే సముద్ర దేవతను చంపి, ఎండబెట్టే చేపను చీల్చినట్టు రెండుగా చీల్చాడు. ఒక సగాన్ని పైకెత్తి ఆకాశంగా కప్పాడు. అందులోని నీళ్లు కిందికి కారకుండా కాపలా కూడా పెట్టాడు! ఆమె కళ్లలోంచి యూఫ్రటిస్, టైగ్రిస్ నదులు పారాయి.

ఈ పోలిక రాసినవాడు చేపలు కోసే చోట తిరిగినవాడే అయ్యుండాలని నా అనుమానం.

(తెర మీద: మేకుల్లాంటి అక్షరాలున్న మట్టి పలక.)

ఈ కావ్యం పేరు ఎనుమా ఎలిష్. మొత్తం 7 మట్టి పలకలు. ఇరాక్‌లో మోసుల్ దగ్గరున్న నినెవేలో, క్రీ.పూ. 7వ శతాబ్దపు రాజు అసుర్బనిపాల్ గ్రంథాలయాన్ని తవ్వినప్పుడు దీని ముక్కలు దొరికాయి. 1876లో జార్జ్ స్మిత్ వాటిని ఇంగ్లిష్‌లో అచ్చు వేయించాడు. బాబిలోన్‌లో కొత్త సంవత్సరం పండగ 4వ రోజున పూజారి దీన్ని మర్దూక్ విగ్రహం ముందు చదివేవాడు. మనం ఉగాదికి పంచాంగం వింటాం కదా, అలాంటిదే అనుకోండి. మనది రాబోయే ఏడాది గురించి, వాళ్లది మొట్టమొదటి రోజు గురించి.

కథ మొదట్లో ఉన్నవి రెండు నీళ్లే. అప్సు మంచినీళ్లు, తియామత్ ఉప్పునీళ్లు. రెండూ కలిసిపోయి ఉన్నాయి.

(తెర మీద: దక్షిణ ఇరాక్ మ్యాపు. నదులు సముద్రంలో కలిసే చోటు పెద్దదవుతుంది.)

ఇక్కడ చూడండి. రెల్లు, బురద, ఎటు చూసినా నీళ్లు. నదులేమో కొండల్లో మంచు కరిగాక, వసంతంలో పొంగేవి. అంటే సరిగ్గా పంట కోతకొచ్చే వేళకి! అలాంటి రైతుకి నీళ్లంటే లొంగదీయాల్సిన శత్రువులా కనిపించడంలో వింతేముంది?

ఇప్పుడు ఈజిప్టుకి వెళ్దాం. అక్కడా మొదట నీళ్లే, పేరు నూన్. కానీ ఈ నీళ్లు పోట్లాడవు. చీకట్లో కదలకుండా పడి ఉంటాయి. అందులోంచి ఒక మట్టిదిబ్బ తేలుతుంది, దాని మీద అతుమ్ అనే దేవుడు తనంతట తానే పుడతాడు. నైలు వరద వేసవిలో వచ్చేది. అది తీశాక ముందు బయటపడేవి దిబ్బలే. మిగిలిన నల్ల ఒండ్రులో విత్తనాలు చల్లేవారు. రెండు చోట్లా కథ నీళ్లతోనే మొదలవుతుంది కాబట్టి రెండూ ఒకటే అనేస్తే, ఈ తేడా చేజారిపోతుంది.

మనుషులెందుకు పుట్టారన్న దగ్గర బాబిలోన్ మొహమాటపడదు. కింగు అనే ఓడిపోయిన దేవుడి రక్తంతో మనిషిని చేశారు, దేవతలకి చాకిరీ చేయడానికి. ఇంకా పాతదైన అత్రహాసిస్ కథలో చిన్న దేవుళ్లు కాలవలు తవ్వి తవ్వి విసిగిపోయి, పనిముట్లు తగలబెట్టి, పెద్ద దేవుడి ఇంటి ముందు ధర్నాకి దిగుతారు. సమ్మె పరిష్కారంలో భాగంగా పుట్టినవాడు మనిషి! ఈజిప్టులో మాత్రం మనుషులు దేవుడి కన్నీళ్లు. వాళ్ల భాషలో 'కన్నీరు', 'మనుషులు' అనే మాటలు దగ్గరదగ్గరగా వినిపిస్తాయి, శ్లేష అన్నమాట.

(తెర మీద: బ్రిటిష్ మ్యూజియంలోని నల్లరాయి. మధ్యలో బెజ్జం, చుట్టూ గాట్లు.)

క్రీ.పూ. 700 ప్రాంతంలో షబాకా అనే ఫారో, అంటే ఈజిప్టు రాజు, పురుగులు తినేసిన పాత రాతను ఈ రాతి మీద చెక్కించానని చెప్పుకున్నాడు. ప్తా అనే దేవుడు గుండెలో తలచుకుని, నాలుకతో పలికి లోకాన్ని సృష్టించాడని ఇందులో ఉంది. యుద్ధం లేదు, రక్తం లేదు, మాట చాలు. తర్వాత ఎవరో దీన్ని తిరగలిగా వాడారని చాలాకాలంగా చెబుతున్నారు. ఏదైతేనేం, మధ్యలో అక్షరాలు అరిగిపోయాయి.

"మరి ఎవరు ఎవరిని చూసి రాశారు?" వాట్సాప్‌లో దీనికి రోజూ జవాబులొస్తుంటాయి. కొన్నిచోట్ల చుట్టరికం నిజమే. బైబిల్ ఆదికాండంలో అగాధ జలాలకి వాడిన హీబ్రూ మాట 'తెహోమ్', ఈ 'తియామత్' ఒకే మూలం నుంచి వచ్చినవి. కానీ నీళ్లు కనిపించిన ప్రతిచోటా కాపీ అనక్కర్లేదు.

ఋగ్వేదం 10వ మండలం, 129వ సూక్తం తీసుకోండి. 7 ఋక్కులే. చీకటిని చీకటి కప్పేసింది, అంతా ఆనవాలు తెలియని నీరు. ఇంతవరకూ విన్న కథలానే ఉంది. తర్వాతే అసలు మలుపు. దేవతలు కూడా సృష్టి తర్వాత వచ్చినవాళ్లే, మరి ఇదెలా పుట్టిందో ఎవరికి తెలుసు అని అడుగుతాడు ఋషి. పై నుంచి చూస్తున్నవాడికి తెలుసేమో, "సో అంగ వేద, యది వా న వేద". ఆయనకీ తెలియదేమో! సూక్తం అక్కడే ఆగిపోతుంది. బాబిలోన్ పూజారి ఇలా ఆపితే మర్దూక్ పరువేం కావాలి?

ఆ చీకటి, ఆ అనుమానం మన ఇళ్లలోనూ వినిపిస్తాయి. పోతన గజేంద్రుడు ముందు లోకాలన్నీ పోయాక మిగిలే 'పెంజీకటి'కి అవతల వెలిగేవాణ్ని తలచుకుంటాడు. కాసేపటికే "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు. ఇద్దరి సందేహమూ ఒకటేనంటే నేను ఒప్పుకోను. ఋషి తీరిగ్గా కూర్చుని అడుగుతున్నాడు. ఏనుగు కాలేమో మొసలి నోట్లో ఉంది.