ఒక ఏడాది ఖరీదు
(కందుకూరులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ప్రతిభను బట్టి సీటు ఇవ్వాలన్న మాటను కాదనేవారు ఈ ఊళ్లో ఉండరు. ముప్పై ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నేనూ కాదనను. పుట్టుకను బట్టో, సిఫారసును బట్టో ఇవ్వడం కంటే మార్కులను బట్టి ఇవ్వడం ఎంతో నయం. పరీక్ష హాల్లో గడిపిన కాసేపట్లోనే ఆ మార్కు పుట్టిందనుకోవడం దగ్గరే నాకు పేచీ.

డాక్టరు చదువుకు రాసే ప్రవేశ పరీక్ష నీట్ సంగతి చూడండి. 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత, ఎన్నిసార్లైనా రాయవచ్చు. ఈ చివరి నియమం పైకి అందరికీ ఒకటే. మొదటిసారి సీటు రాకపోతే పిల్లను లాంగ్‌టర్మ్‌లో, అంటే ఏడాదిపాటు సాగే కోచింగ్‌లో, వేయడం మన వైపు మామూలైపోయింది. లాంగ్‌టర్మ్ అంటే ఫీజూ హాస్టలూ మాత్రమే కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్ల ఇంటికి రూపాయి తేకుండా, పెళ్లి మాట చెవిన పడకుండా, ఏడాది పొడుగునా పుస్తకం ముందు కూర్చోగలగడం. స్తోమత ఉన్న ఇల్లు ఆ ఏడాదిని కొంటుంది, తర్వాత వచ్చిన ర్యాంకును ప్రతిభ అంటుంది.

నా క్లాసులో పొగాకు కూలీల అమ్మాయి ఒకతె ఉండేది. ఆకు కోతల రోజుల్లో తెల్లవారుజామునే తల్లితోపాటు బ్యారన్ (పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టం) దగ్గర పచ్చాకు కర్రలకు కట్టి, అక్కడినుంచే కాలేజీకి వచ్చేది. పొగాకు జిగురు సబ్బుకు ఓ పట్టాన వదలదు. ఆమె ప్రాక్టికల్ రికార్డులో పేజీల అంచులన్నీ నల్లటి వేలిముద్రలే. శుభ్రంగా లేదని ఒకసారి దాన్ని తిప్పి పంపాను. మేము మార్కులను బట్టి సెక్షన్లు విడదీసి, అనుభవమున్న లెక్చరర్లను మొదటి సెక్షన్‌కు వేసేవాళ్లం. ఆమె మూడో సెక్షన్. ఆమె రికార్డు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ తగవు కొత్తది కాదు. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, కాలేజీల్లో ప్రతి 14 సీట్లను కులమత వర్గాలవారీగా పంచిన కమ్యూనల్ జీవోను 1951లో సుప్రీంకోర్టు చెల్లదన్నది. ఆ ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా, వెనకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చనే 15(4) అధికరణం వచ్చింది. 2022 జనవరిలో నీట్ సీట్లలో ఓబీసీ కోటాను సమర్థిస్తూ, పోటీ పరీక్ష మార్కులొక్కటే ప్రతిభ కాదని అదే కోర్టు వివరించింది. రిజర్వేషన్ల వల్ల తరతరాలుగా గడప దాటని ఇళ్ల నుంచి డాక్టర్లు వచ్చారు, నిజం. అయితే ఆ రిజర్వేషన్ ర్యాంకుల జాబితాలోనూ ఏడాదిని కొనగలిగిన ఇల్లు ముందుంటుంది, కొనలేని ఇల్లు వెనకబడుతుంది.

ప్రతిభావంతుల పాలనకు ఇంగ్లీషులో ఉన్న ‘మెరిటోక్రసీ’ అనే మాటను 1958లో ప్రచారంలోకి తెచ్చిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైఖేల్ యంగ్, దాన్ని మెచ్చుకోలుగా కాదు, వెక్కిరింతగా వాడాడు. గెలిచినవాడు అంతా తన గొప్పేననుకోవడం సరే, ఓడినవాడు కూడా తప్పు తనదేనని నమ్మే సమాజం వస్తుందని ఆయన భయం. నీట్ ఫలితాలు వచ్చాక ఆ పొగాకు కూలీల అమ్మాయిని మళ్లీ రాయమన్నాను. “నాకంత బుర్ర లేదులే సార్” అంది. ఆ వేసవికే పెళ్లయింది.

అందుకే నేను అడిగేది ఉచిత కోచింగ్ ఒక్కటే కాదు. రెండోసారి రాయదలచిన కూలీ ఇంటి పిల్లకు, ఆ ఏడాది ఇంటికి తగ్గే కూలి ఎంతో లెక్కకట్టి, అంత స్టైపెండ్ నెలనెలా తల్లి ఖాతాలో వేయాలి.