నౌపడ లైనుకి దీపాలు, అయిదొందల్లో

మావయ్య: రికార్డింగు ఎర్ర చుక్క వెలిగింది, అయితే మొదలైనట్టే. నమస్కారం. ఈసారి మన నౌపడ-గుణుపురం బొమ్మ రైలు లేఅవుటు మొత్తానికి దీపాలు, అంతా అసలులో 87వ వంతు, 1:87. స్టేషను, కాలనీ ఇళ్లు, వీధి స్తంభాలు, సిగ్నళ్లు, బోగీలు. అన్నీ అయిదొందల్లో.

అల్లుడు: సోల్డరింగ్ ఐరన్ ఆ లెక్కలో ఉందా?

మావయ్య: లేదు. ఆ గొడవ ఎత్తకు.

అల్లుడు: ఎత్తను లెండి. ముందు కరెంటు. పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టరు ఏ ఇంట్లోనైనా ఒకటి పడుంటుంది. 12 వోల్టులు, 1 ఆంపియరు. దీపాలకి అది ధారాళంగా చాలు. బండి నడిపే కంట్రోలరు నుంచి మాత్రం దీపాలకి తీగ లాగొద్దు. మామూలు డీసీ కంట్రోలరైతే బండి ఆగినప్పుడల్లా ఊరంతా ఆరిపోతుంది.

మావయ్య: అడాప్టరు చేత్తో పట్టుకుని బరువు చూడాలి. బరువుగా ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉన్నట్టు. అలాంటివాటిలో చాలావాటికి మీద 12 అని రాసున్నా, లోడు లేనప్పుడు 16, 17 వస్తుంది. మీటరు పెట్టి చూశాకే తగిలించాలి. ప్లస్ తీగకి 1 ఆంపియరు ఫ్యూజు తప్పదు.

అల్లుడు: బల్ల కింద మెయిన్ తీగకి 0.75 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరు. దాని నుంచి ఇళ్లకి పాత టెలిఫోను తీగ. ఇక దీపాలు. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు కొనండి, మీటరుకి 60 దీపాలుండే సన్న రకం. కత్తెర గుర్తు దగ్గరే కొయ్యాలి. మూడు దీపాలు, కరెంటుని అదుపులో ఉంచే రెసిస్టరు ఒకటి వరసగా ఉంటాయి. ఒక్క దీపం చాలని మధ్యలో కోసి 12 ఇచ్చారనుకోండి, ఆ రెసిస్టరు మూడింటికి లెక్కేసి పెట్టింది కదా, దీపం అక్కడికక్కడే పోతుంది.

మావయ్య: స్ట్రిప్పు అంటించే ముందు నల్ల రంగు.

అల్లుడు: వచ్చేసింది.

మావయ్య: వస్తుంది మరి. ప్లాస్టిక్ గోడ మందం ఒక మిల్లీమీటరు. లోపల దీపం పెడితే కిటికీ ఒక్కటే కాదు, ఇల్లంతా లాంతరు చిమ్నీలా వెలుగుతుంది. లోపల నల్ల రంగు రెండు పూతలు, ఆరాక దాని మీద తెలుపు ఒక పూత. గోడా గోడా కలిసే మూల, గోడ మీద కప్పు ఆనే చోటు, ఈ రెండు చోట్లా నల్ల కాగితం పట్టీ. కప్పు అంటించొద్దు, దీపం పోతే మళ్లీ తియ్యాలి.

అల్లుడు: కిటికీ అద్దానికి ఫెవిక్విక్ వాడొద్దని కూడా చెప్పండి.

మావయ్య: దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ తెల్లగా పొగబారిపోతుంది. ఫెవికాల్ చాలు.

అల్లుడు: సరే, స్టేషను. ప్లాట్‌ఫారం మీద ట్యూబులైట్లు కదా. నాలుగడుగుల ట్యూబు అంటే 1:87లో 14 మిల్లీమీటర్లు. బోలుగా ఉండే తెల్ల ప్లాస్టిక్ ఇయర్‌బడ్ పుల్లని అంత ముక్క కోసి, ఒక చివర 0805 సైజు, అంటే చిన్న చిప్పు రకం, తెల్ల ఎల్‌ఈడీ...

మావయ్య: ఆగు. ఏ సంవత్సరం స్టేషను?

అల్లుడు: ఏదైతే ఏటి మావయ్యా?

మావయ్య: అదే అసలు సంగతి. నౌపడ నుంచి పర్లాకిమిడి బండి 1900లో మొదలైంది, 1931కి గుణుపురం దాకా పట్టాలు పడ్డాయి, 2004లో చిన్న బండి ఆగింది, 2011లో పెద్ద పట్టాల మీద మళ్లీ మొదలైంది. నీ పట్టా 9 మిల్లీమీటర్లైతే నువ్వు 2004కి ముందున్నావు. రెండున్నర అడుగుల గేజ్, 762 మిల్లీమీటర్లు, 87తో భాగించు. 8.76.

అల్లుడు: 2004కి ముందు ట్యూబులైట్లు లేవా?

మావయ్య: ఉన్నాయి. కానీ ఈ లైన్లో టెంబూరు లాంటి చిన్న స్టేషనుకి 1950ల సీను పెట్టి 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) తెల్ల దీపం వేలాడదీస్తే అది స్టేషనా, మందుల షాపా?

అల్లుడు: పెట్రోమాక్స్ వెలుగు తెలుపే కదా!

మావయ్య: ఒక్క పెట్రోమాక్స్ తెలుపు. మిగతావన్నీ కిరసనాయిలు. దాని రంగు 1900 కెల్విన్ దగ్గర, నారింజ. బజార్లో వార్మ్ వైట్ అని అమ్మేది 2700, 3000. మీద పసుపు గ్లాస్ పెయింటు పల్చగా రాసి, ఆరాక నారింజ ఒక చుక్క. అప్పుడు లాంతరు.

అల్లుడు: మనవి వినేవాళ్లలో సగం మంది 2011 తరవాతి లైనే కడుతున్నారు.

మావయ్య: 16.5 మిల్లీమీటర్ల పట్టా మీద కట్టి దాన్ని బ్రాడ్‌గేజ్ అంటున్నారు!

అల్లుడు: లెక్క ప్రకారం 19.3 రావాలి, నిజమే. ఆ 2.8 మిల్లీమీటర్ల తేడా బాధ ఇవాళొద్దు.

మావయ్య: సరే, 2011 అనే అనుకో. అప్పుడైనా అంత వెలుగు ఎందుకు? ఎల్‌ఈడీ డబ్బా మీద 20 మిల్లీఆంపియర్లు అని ఉంటే అది గరిష్ఠం. అంతే ఇవ్వాలని కాదు. 12 వోల్టుల్లో తెల్ల ఎల్‌ఈడీకి 3 పోతే 9 మిగిలింది. 470 ఓమ్‌లు పెడితే 19 మిల్లీఆంపియర్లు, కళ్లు చెదురుతాయి. 4.7కె, అంటే 4,700 ఓమ్‌లు, పెడితే 2 కన్నా తక్కువ. ప్లాట్‌ఫారానికి అది చాలు.

అల్లుడు: నేను 2.2కె అంటాను. పగలు గది దీపం వేసుకుని చూసేవాళ్లకి 4.7కె అసలు కనపడదు.

మావయ్య: దీపం ఆర్పి చూడమను.

అల్లుడు: అందరూ చీకట్లో కూర్చుని బండి నడపరు మావయ్యా!

మావయ్య: అందుకే ఇంటికో రకం పెట్టుకోవాలి. స్టేషను మాస్టరు గదికి 4.7కె, క్వార్టర్లకి 10కె, గేట్‌మేన్ గుడిసెకి 22కె. అన్నీ ఒకే వెలుగులో ఉంటే పెళ్లి పందిరి అవుతుంది. రెసిస్టరు రూపాయి కూడా పడదు. క్వార్టర్ వాట్‌ది ధారాళంగా సరిపోతుంది.

అల్లుడు: మరి స్ట్రిప్పుకి? దాని రెసిస్టరు దానిలోనే ఉంది.

మావయ్య: వోల్టేజి దించు. ఎల్ఎమ్2596 బక్ మాడ్యూలు ఒకటి పెట్టి 9 దగ్గర ఉంచు. మూడు దీపాలు వరసగా ఉన్నాయి కాబట్టి 8 దగ్గరికొస్తే దాదాపు ఆరిపోతుంది. 12 నుంచి 8 దాకా, ఆ నాలుగు వోల్టుల్లోనే వెలుగంతా నీ చేతిలో ఉంది. వోల్టేజి ముందు మీటరుతో సరిచేసి, అప్పుడే స్ట్రిప్పు కలపాలి. కొత్త మాడ్యూలు స్క్రూ ఎక్కడ తిప్పి ఉందో ఎవరికి తెలుసు?

అల్లుడు: ఒప్పుకుంటున్నాను. 2.2కె మాత్రం వదల్ను.

మావయ్య: వదలకు. నల్ల రంగు వేశావా లేదా?

అల్లుడు: వేశాను! ఇంకోటి. రెసిస్టరు డబ్బులు మిగుల్చుకుందామని అయిదు ఎల్‌ఈడీలు పక్కపక్కన, సమాంతరంగా కలిపి అన్నిటికీ ఒకటే పెట్టకండి. ఏది తక్కువ వోల్టేజికి వెలుగుతుందో అదే కరెంటంతా లాగేస్తుంది. దేని రెసిస్టరు దానికే. లేదా మూడేసి వరసగా కలిపి, ఆ మూడింటికీ 1కె.

మావయ్య: ఒకాయన రాయగడ నుంచి అడిగారు. దీపావళి సీరియల్ సెట్టు కోసి ఇళ్లలో పెట్టుకోవచ్చా అని.

అల్లుడు: ఏ రకం?

మావయ్య: గోడ ప్లగ్గుకి పెట్టేది.

అల్లుడు: వద్దు. ఇక్కడ నవ్వులాట లేదు. అందులో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, 230 వోల్టులు నేరుగా ఆ దీపాల వరసలోకి వెళ్తుంది. వరసలో కొన్ని కోసేస్తే మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది. తీగ ఎక్కడ ఒలిచినా అది మెయిన్సే. లేఅవుటు మీద పిల్లలు చేతులు పెడతారు, పట్టాలు లోహం. దాన్ని గుమ్మానికే ఉంచండి.

మావయ్య: రాగి తీగ రకమైతే సరే. మూడు పెన్సిల్ సెల్లులవి.

అల్లుడు: అది బంగారం. దీపాలన్నీ సమాంతరంగా ఉంటాయి, ఎక్కడైనా కొయ్యొచ్చు. కానీ డబ్బాలో రెసిస్టరు మొత్తం దీపాలకి కలిపి ఒకటే. అయిదు దీపాల ముక్క కోసి అదే డబ్బాకి తగిలిస్తే ఆ కరెంటు అయిదింటి మీదే పడుతుంది. వరసగా ఇంకో 150 ఓమ్‌లు వేసుకోండి. ఫోను ఛార్జరు 5 వోల్టులతో అయితే 220. తీగ మీద వార్నిష్ ఉంటుంది, బ్లేడుతో గీకాకే సోల్డరు పడుతుంది.

మావయ్య: వీధి స్తంభం కూడా చెప్పెయ్యి.

అల్లుడు: 18 నంబరు ఇంజెక్షన్ సూది, కొత్తది, మొన అరగదీసి. బయట 1.27 మిల్లీమీటర్లు. లోపల్నుంచి వార్నిష్ తీగలు రెండు దూరుతాయి. సూదినే మైనస్ చేద్దామనుకోకండి, స్టెయిన్‌లెస్‌కి మామూలు పేస్టుతో సోల్డరు పట్టదు. మామూలు సూది పొడవు 38 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 3.3 మీటర్ల స్తంభం.

మావయ్య: పైన 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ పెట్టకండి. 1:87లో అది 26 సెంటీమీటర్ల బల్బు.

అల్లుడు: సిగ్నలు?

మావయ్య: రెక్క సిగ్నలైతే వెనక కిరసనాయిలు దీపమే. 47కె.

అల్లుడు: 47! అది వెలుగుతుందా?

మావయ్య: ఇప్పటి ఎల్‌ఈడీ 0.2 మిల్లీఆంపియర్లకి కూడా కనపడుతుంది. ఎర్ర అద్దం ముక్క ముందుంటే చాలు.

అల్లుడు: బోగీలు ఒక్క ముక్కలో. టైమైపోతోంది.

మావయ్య: పట్టాల నుంచి చక్రాల ద్వారా వచ్చే కరెంటుకి బ్రిడ్జ్ రెక్టిఫయరు, 470 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటరు, ఛార్జింగుకి 100 ఓమ్‌లు, దానికి అడ్డంగా డయోడు. ఆ 100 లేకుండా డీసీసీ, అంటే డిజిటల్ కంట్రోలు, మీద పది బోగీలు పెడితే బూస్టరు షార్టనుకుని ఆగిపోతుంది.

అల్లుడు: మామూలు డీసీలో?

మావయ్య: బండి ఆగితే ఆ కెపాసిటరు ఎక్కువసేపు లాగదు, బోగీ ఆరిపోతుంది. మిణుకుమిణుకుమంటుంటే ముందు చక్రాలు తుడవండి. ఇక బోగీ కప్పు లోపల...

అల్లుడు: నల్ల రంగు.

మావయ్య: నువ్వే అన్నావు చూడు. అది కాదు, కప్పు లోపల స్ట్రిప్పు వంగకుండా...

అల్లుడు: ఆపుతున్నాను మావయ్యా, బ్యాటరీ రెండు శాతం.