కొమ్మ కొట్టేవారికి పత్రం, కొట్టించేవారికి బాధ్యత

వేదిక మీది పెద్దలకు, మున్సిపల్ గుత్తేదారులకు, పాఠశాలల, ఫంక్షన్ హాళ్ల యజమానులకు, చివరి వరుసల్లో కూర్చున్న చెట్లు కొట్టే అన్నలకు నమస్కారం. చెట్టెక్కి కొమ్మ కోసేవారికి, పని వచ్చో రాదో పరీక్షించి ఇచ్చే పత్రం ఉండాలని చెప్పడానికి, అంటే చివరి వరుసలవారి ప్రాణాల గురించి ముందు వరుసలవారితో మాట్లాడాలని వచ్చాను.

మహబూబ్‌నగర్‌లో నిలబడి చెట్టు వైద్యం అంటే పిల్లలమర్రి పేరు ఎత్తక తప్పదు. చెదలు తొలిచేయడంతో 2017లో ఆ మర్రి కొమ్మ విరిగిపడింది, సందర్శకులను ఆపేశారు. రంధ్రాల్లో పోసిన మందు నిలవక కారిపోతే, 2018లో అటవీశాఖ వాళ్లు మందును పలుచన చేసి సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద ఊతాలు కట్టారు. దేశదేశాల పత్రికలు రాశాయి. అదే ఊళ్లో ఇంటి ముందు వేపకొమ్మ తీగల మీదికి ఒరిగితే మనం ఏం చేస్తాం? కూలీల అడ్డాకు వెళ్లి, గొడ్డలి ఉన్నవాడిని ఎంతకు వస్తావని అడుగుతాం. ఆ ఒక్క ప్రశ్నతోనే బేరం కుదిరిపోతుంది.

మనవాళ్లకు ఎక్కడం రాదా అంటారు. నల్లగొండ గీత కార్మికుడికి చెట్టెక్కడం నేర్పేవాడు ఇంకా పుట్టలేదు. అయినా ఎక్కడానికి వాడే మోకు తాడు, ముస్తాదు సరంజామా ఉన్నా జారిపడి నడుము విరిగినవారు ఊరూరా ఉన్నారు. అందుకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికుల రక్షణకు కాటమయ్య రక్ష కిట్లు మొదలుపెట్టింది. కిట్టు చేతిలో పెట్టి పంపేయకుండా వాడకంలో శిక్షణ ఇవ్వడం నాకు నచ్చింది. కానీ తాటిచెట్టుకు కొమ్మలుండవు. మోకు మాను చుట్టూ తిరుగుతుంది, బరువు ఎప్పుడూ మాను మీదే. చింత, వేప, నిద్రగన్నేరు అలా కావు. తాడు ఏ పంగలో వేయాలి, ఎండిన కొమ్మ మనిషి బరువు ఆపుతుందా, కోసిన కొమ్మ ఎటు ఊగుతుంది, ఇదంతా వేరే విద్య. కారు నడపడం వచ్చినవాడికి లారీ తాళాలు ఇవ్వం కదా.

ఒక్క కొమ్మ కోత చూడండి. తొందరపడేవాడు మాను పక్కనే పైనుంచి కోస్తాడు. సగం తెగగానే బరువుకు కొమ్మ వంగుతుంది, కింది బెరడు మాను దాకా చీలిపోతుంది. ఆ చీలిక చెట్టుకు పుండు. ఒక్కోసారి కొమ్మ మొదలు ఎగిరి కోసేవాడి ఛాతీకే తగులుతుంది. తెలిసినవాడు మానుకు అడుగు దూరంలో ముందు కిందినుంచి కొంత లోతు కోస్తాడు. ఇంకాస్త అవతల పైనుంచి కోసి బరువు దించేస్తాడు. మిగిలిన మొండిని, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే వలయం గాయపడకుండా, దాని అంచున తీసేస్తాడు. ఈ మూడు కోతలు చూపించలేనివాడిని చెట్టు ఎక్కించకండి, ఎంత అనుభవం చెప్పినా సరే.

బ్రిటన్‌లో ఈ పనికి పత్రాలు మెట్లుమెట్లుగా ఉంటాయి. గొలుసు రంపం బాగు చేసుకోవడం, నేల మీద దుంగ కోయడం మొదటి మెట్టు. చిన్న చెట్టు పడగొట్టడం, తాడుతో ఎక్కి పైన చిక్కుకున్నవారిని దించడం, తాడు మీద వేలాడుతూ రంపం నడపడం, దేనికి దానికి వేరే పరీక్ష. 1998 నాటి పనిముట్ల నిబంధనలు శిక్షణ బాధ్యతను యజమాని మీదే పెట్టాయి. మనిషిని మోసే తాళ్లు, పట్టీలను ఆరు నెలలకోసారి తెలిసినవారితో పరీక్ష చేయించాలి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఒకటుంది: ఒకరు చెట్టు మీద ఉంటే, పైకి ఎక్కి దించగలిగినవారు ఇంకొకరు సరంజామాతో కింద సిద్ధంగా ఉండాలి. మన దగ్గర కింద ఉండేది తాడు లాగే కుర్రాడు. పైవాడు స్పృహ తప్పితే అతను చేయగలిగేది కేకలు వేయడమే.

ఇక యజమానుల మాట. పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమానిదే అన్నది 1923 నాటి కార్మికుల పరిహార చట్టం నుంచీ ఉన్నదే. ఆ పని మీ వ్యాపారంలో భాగమైతే, గుత్తేదారుకు అప్పగించానన్నా బాధ్యత మీ దాకా వస్తుంది. మరి పత్రం అడగండి అంటే పూలదండ వేసి ఫోటో తీసి ఇచ్చే పత్రాలు వస్తాయేమోనని నాకూ భయమే. రెండు పూటలు గదిలో కూర్చున్నందుకు ఇచ్చేది హాజరు చీటీ మాత్రమే. నేర్పినవారు కాకుండా వేరొకరు చెట్టు దగ్గరే పరీక్షించాలి. ఏ పనికి అర్హుడో, ఏ తేదీనో పత్రం మీద రాయాలి. అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి గుర్తించే పద్ధతి 2015లో వచ్చిన కేంద్ర నైపుణ్య శిక్షణ పథకం, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. బడి ముఖం చూడనివారికి ఆ దారే మేలు, పరీక్ష తెలుగులో నోటితో పెడితే.

అలాంటి పత్రం వచ్చేలోగా మీరు చేయగలిగినవి ఉన్నాయి. తీగల పక్క పనికి ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి, తీసుకున్నారా అని లైన్‌మన్‌ను అడగండి. పచ్చికొమ్మ తీగకు తగిలితే కరెంటు దాని గుండా మనిషికి చేరుతుంది. శిరస్త్రాణం, పట్టీ, తాడు ఖర్చు బేరంలో కూలీ మీద వేయకండి. వర్షాకాలం ముందు ఎప్పుడూ హడావిడే కాబట్టి ఈసారి టెండరులోనే ఒక వాక్యం చేర్చండి: కోసేవారి పేరు, నేర్చినది, పరీక్షించినవారి సంతకం జత చేయాలి. ముసాయిదా ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తీసుకోండి. చివరి వరుసల అన్నలు మాత్రం కాసేపు ఆగండి. ఆవరణలోని వేపచెట్టు దగ్గర ఆ మూడు కోతలు చేసి చూద్దాం.