వేటగాడు ఎక్కడ ఆగాలి?

[దృశ్యం: వనస్థలిపురం, హరిణ వనస్థలి. గడ్డిలో కృష్ణజింకల మంద, కంచె అవతల అపార్ట్‌మెంట్లు]

నమస్తే. ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే మీద వెళ్లేవాళ్లకు ఈ కంచె బాగా తెలుసు. లోపల దాదాపు 3,600 ఎకరాల్లో గడ్డి, తుప్పలు, కృష్ణజింకలు ఉన్నాయి. ఒకప్పుడు ఇది నిజాం వేటాడిన చోటు. రాజు తన కోసం అట్టిపెట్టుకున్న నేల కాబట్టే ఇళ్ల మధ్యలో ఇంత పచ్చదనం మిగిలింది. 1975లో, వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్వాణోత్సవాల సందర్భంగా దీనికి ఆయన పేరు పెట్టారు. వేట సాగిన నేలకు, చీమను కూడా తొక్కవద్దన్న మనిషి పేరు. ఈ నగరంలో నాకు బాగా నచ్చిన పేర్లలో ఇదొకటి.

మెదక్ దగ్గరి పోచారం అడవి కూడా నిజాం వేటాడిన చోటే. నల్లమల మీద ఫరహాబాద్‌కు వెళ్తే ఆ కాలపు వేట బంగ్లా శిథిలాలు కనిపిస్తాయి. ఇవాళ మనం పిల్లలకు జింకల్ని చూపించడానికి వెళ్లే చోట్లు కొన్ని, నిన్న జింకల్ని కాల్చిన చోట్లే. అందుకే వేట గురించి హైదరాబాద్‌లో నిలబడి మాట్లాడాలనిపించింది.

[దృశ్యం: పాండవుల గుట్ట, రాతి మీద ఎర్రరంగు బొమ్మలు]

అసలు మనిషి ఎందుకు వేటాడతాడు? మొదటి జవాబు ఆకలి. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టకు వెళ్లండి. రాతి మీద ఎర్రరంగుతో గీసిన జంతువులు కనిపిస్తాయి. గీసినవాళ్లు జంతువును ఎంత శ్రద్ధగా చూసి ఉంటారో ఆ గీతల్లో తెలిసిపోతుంది. తను తినబోయేదాన్ని అంత దగ్గరగా గమనించడం వేటగాడికి తప్పదు. దాని అడుగు, దాని దాహం, అది భయపడే తీరు తెలియకపోతే ఆ పూట పస్తే.

ఆ తెలివి నల్లమల చెంచుల దగ్గర మన కాలం దాకా నిలిచింది. విల్లు, బాణం, కుక్క, తవ్వుకోల. దొరికితే మాంసం, లేకపోతే గడ్డలు, పళ్లు, తేనె. 1940 ప్రాంతంలో వీళ్ల మధ్య ఉండి రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. చెంచుల జీవితంలో ఎక్కువ భాగం గడ్డలూ పళ్లూ సేకరించడమేనని, మాంసం ఎప్పుడో ఒకప్పుడు దొరికేదని దాంట్లో కనిపిస్తుంది. వేట మీద బతికేవాళ్లు అడవిని ఖాళీ చేస్తారన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. వాళ్లు శతాబ్దాల పాటు తిరిగిన అడవే ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. పులులు ఇంకా మిగిలిన అడవుల్లో అదొకటి.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటో, చచ్చిన పులి పక్కన నిలబడ్డ దంపతులు]

రెండో జవాబు హోదా. ఈ ఫొటో చాలామంది చూసే ఉంటారు. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు హైదరాబాద్ సంస్థానంలో పులి వేటకు వచ్చినప్పటిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీశారు. మహబూబ్ అలీఖాన్ కూడా పేరున్న పులి వేటగాడే. వచ్చిన అతిథికి పులిని చూపించి కాల్పించడం అప్పట్లో ఒక రాచమర్యాద.

ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా 1893లో నిజాం అతిథిగా ఇక్కడికి వచ్చాడు. 1914లో అతని హత్యతోనే మొదటి ప్రపంచయుద్ధం రాజుకుంది. అతను జీవితంలో చంపిన జంతువులకు లెక్క రాసి పెట్టారు. 2,70,000 పైచిలుకు. ఆ అంకెను కాసేపు మనసులో ఉంచుకోండి. ఇందులో ఆకలి ఎక్కడా లేదు.

ఈ వేటల్లో తుపాకీ పేల్చేది ఒక్కరు. డప్పులు కొడుతూ పొదల్లోంచి పులిని తోలేది ఊరి జనం. పులి వెనక్కి తిరిగితే ముందు పోయేది వాళ్ల ప్రాణమే. ఫొటోలో వాళ్లు ఎప్పుడూ ముందు వరసలో ఉండరు. కానీ జనం ఊరుకోలేదు. తెలంగాణ ఊళ్లలో పిట్టల దొర తిరిగేవాడు. కొందరు తుపాకి రాముడు అంటారు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. కోతలు కోసి కోసి నవ్వించి, గింజలు అడుక్కుని పోయేవాడు. తుపాకీ పట్టుకున్న దొరల గొప్పల మీద పల్లె వేసిన వేషం అది. ఆ కళాకారులు ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారు.

[దృశ్యం: ఎర్రగుడి శాసనం, కర్నూలు జిల్లా]

హోదా కోసం వేటాడటం తప్పా అన్న చర్చ మన దగ్గర కొత్తది కాదు. సప్తవ్యసనాలు చిన్నప్పుడు బడిలో విన్నవే. అందులో జూదం, మద్యంతో పాటు వేటా ఉంది. అయితే కౌటిల్యుడు వేటను కొంత వెనకేసుకొస్తాడు. జూదం కన్నా వేట నయం అంటాడు. ఒళ్లు వంగుతుంది, కదిలే గురి మీద చేయి కుదురుతుంది, జంతువు కోపంలో, భయంలో ఎలా ఉంటుందో తెలుస్తుంది అని కారణాలు చెబుతాడు. వేటను సమర్థించేవాళ్లు ఇవాళ చెప్పే మాటలూ దాదాపు ఇవే.

అశోకుడి దారి వేరు. గుత్తి దగ్గర ఎర్రగుడి బండల మీద అతని శాసనాలున్నాయి. ఒకప్పుడు రాజులు వేటతో కూడిన విహారయాత్రలకు వెళ్లేవారు, నేను ధర్మయాత్రలకు వెళ్తున్నాను అంటాడు ఒకచోట. ఇంకోచోట తన వంటింటి లెక్క చెబుతాడు: పూర్వం లక్షల ప్రాణాలు పోయేవి, ఇప్పుడు రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక, అదీ రోజూ కాదు, ఇకమీదట అవీ ఉండవు. చక్రవర్తి తన ఇంటి కూర లెక్కను బండ మీద చెక్కించడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

[దృశ్యం: యాంకర్, హరిణ వనస్థలి కంచె దగ్గర]

వేట తప్పా ఒప్పా అని అడిగితే నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. వేటగాడు ఎక్కడ ఆగుతాడు అన్నదే నేను చూస్తాను. మన కథలు కూడా అదే అడిగాయి.

దశరథుడి కథ తీసుకోండి. చీకట్లో, నీళ్ల చప్పుడు విని, ఏనుగు అనుకుని బాణం వేశాడు. తగిలింది తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుకుంటున్న కుర్రాడికి. కళ్లతో చూడకుండా బాణం వదలకూడదన్నది వేటలో మొదటి నియమం. రామాయణం మొత్తం ఆ తప్పు నుంచి కదిలింది.

పాండురాజు కథలో ఇంకా సూక్ష్మం ఉంది. కలిసి ఉన్న జింకల జంటను కొట్టాడు. జింక రూపంలో ఉన్న ముని చనిపోతూ శపించాడు. రాజులు వేటాడటం మామూలేగా అని పాండురాజు వాదించాడు. ముని జవాబు వినండి: నువ్వు వేటాడినందుకు కాదు, కాసేపు ఆగనందుకు నా నింద. జత కట్టే కాలంలో జంతువును కొట్టకూడదని ఇవాళ చాలా దేశాల వేట చట్టాల్లో ఉంది.

వేటగాణ్ని మనవాళ్లు దేవుడికి దూరంగానూ పెట్టలేదు. శ్రీకాళహస్తిలో కన్నప్ప తను వేటాడిన మాంసాన్నే శివుడికి పెట్టాడు. అహోబిలం నరసింహుడు చెంచుల ఆడపడుచును పెళ్లాడాడు. సంక్రాంతి వేళ అక్కడ పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీలో చుట్టుపక్కల ఊళ్లు తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు, చెంచులు పల్లకీ వైపు బాణాలు వేస్తారు. తిరుమలలోనూ కనుమ నాడు పారువేట ఉంటుంది. రక్తం చిందని వేట ఇది. మన వారసత్వంలో ఈ భాగాన్ని గుండెకు హత్తుకుని కాపాడుకోవాలని నా కోరిక.

[దృశ్యం: పాత చట్టం ప్రతి, తర్వాత అమ్రాబాద్ అడవి]

మరి రాచవేట ఏం మిగిల్చింది? కృష్ణజింక అంత వేగంగా పరిగెత్తేది చీతా లాంటి జంతువు వెంటపడే నేలలో పెరిగింది కాబట్టి. చీతాను మనం పోగొట్టుకున్నాం. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజు మూడింటిని కాల్చాడు. అవే చివరివిగా చెబుతారు. 1952లో దేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. పులుల లెక్క 1972లో 1,827. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడు ప్రాజెక్ట్ టైగర్. 2022 అంచనాలో పులులు 3,682. చట్టం పనిచేసింది, ఇందులో నాకు సందేహం లేదు.

కానీ బరువు మోసింది ఎవరు? లక్షల జంతువుల్ని కాల్చినవాళ్ల మనవళ్లు కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు భూమి మీద, తేనె, గడ్డల లాంటి అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయంగా వస్తున్న వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. చెంచు కుందేలు పట్టినా నేరమే. పులులున్న అడవిలో వేటకు మళ్లీ తలుపు తెరవమని నేను అడగను. కానీ ఆ నిషేధానికి బదులుగా వాళ్లకు దక్కాల్సింది దక్కలేదు. అడవిలో కాపలాకు, అడుగుజాడలు పట్టడానికి అటవీశాఖ చెంచుల్ని తీసుకుంటోంది. అది మంచి పని. ఆ ఉద్యోగాలు ఇంకా చాలామందికి, పక్కా జీతంతో రావాలి.

చట్టం చంపడాన్ని పూర్తిగా మూసేయలేదు. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువును చంపేందుకు అధికారులు అనుమతి ఇవ్వొచ్చు. 2018లో యవత్మాల్ దగ్గర, 13 మంది మరణాలకు కారణమని చెప్పిన ఆడపులిని అలాగే కాల్చారు. ఆ పనికి పిలిపించింది హైదరాబాద్ వేటగాళ్లనే. కాల్చిన తీరు మీద పెద్ద గొడవ జరిగింది. ఆ పులికి పిల్లలున్నాయి. ఆ ఊళ్లలో రాత్రుళ్లు బయటికి రాలేని మనుషులూ ఉన్నారు. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్ని మర్చిపోయి మాట్లాడినా అది నిజాయితీ కాదు.

విదేశాల్లో మాటేమిటి అంటారా? అమెరికాలో 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద పన్ను వన్యప్రాణుల రక్షణకు వెళ్తుంది. నమీబియాలో డబ్బు కట్టి వేటాడేవాళ్ల సొమ్ము కొంత స్థానిక సంఘాలకు చేరుతుంది. అక్కడ అది కొంతవరకు నడిచింది. ఇంత జనం, ఇంత చిన్న అడవులు ఉన్న మన దగ్గర మాత్రం అది కుదరదని నా గట్టి నమ్మకం.

[దృశ్యం: పొలం గట్టు, కట్టెలకు చుట్టిన తీగ]

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ మన చుట్టూ జరిగే వేటలో తుపాకీ తక్కువ. బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు ఉంటుంది, నేల మీద అడుగున్నర ఎత్తులో లాగిన కరెంటు తీగ ఉంటుంది. రైతు కష్టం నిజం. అడవి పందుల గుంపు ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను దున్నేస్తుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పంట పాడుచేసే పందుల్ని అనుమతితో కాల్పించే ఏర్పాటు ప్రభుత్వం చేసింది. కానీ తీగకు కళ్లు లేవు. పంది వచ్చినా, చిరుత వచ్చినా, కడుపుతో ఉన్న దుప్పి వచ్చినా, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు వచ్చినా దానికి ఒకటే. దశరథుడి తప్పూ, పాండురాజు తప్పూ రెండూ ఆ ఒక్క తీగలో ఉన్నాయి.

ఆ ఉచ్చులన్నీ పంట కోసమే కాదు. కొన్ని మన కోసం. వీకెండ్ ఫాంహౌస్ పార్టీలో, "ఇది మామూలు మటన్ కాదన్నా, అడవిది" అని గొప్పగా ప్లేటు ముందు పెడతారు చూడండి, దాని కోసం. ఆ ప్లేటు వెనక ఆకలి లేదు, కర్జన్ ఫొటోలో ఉన్న హోదానే ఉంది. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. కొన్నవాడూ, వండినవాడూ కేసులో ఇరుక్కుంటారు. ఫారంలో పెంచిన జపాన్ కౌజుపిట్ట అయితే ఇబ్బంది లేదు. అడవి మాంసం అని ఎవరైనా చెబితే, తినను అని అందరి ముందే అనండి. అడిగేవాడు లేకపోతే పట్టేవాడు ఉండడు.

[దృశ్యం: దసరా రోజు గుడి బయట, చిన్న పంజరంలో నీలిరంగు పిట్ట]

ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలియదు. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వల వేసి పట్టడం, ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, గూడు చెదరగొట్టడం, గుడ్లు పాడుచేయడం అన్నీ వేటే. దసరాకు పాలపిట్టను చూస్తే మంచిదని మన నమ్మకం, అది మన రాష్ట్ర పక్షి కూడా. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి కొందరు దాన్ని పట్టి, కాళ్లు కట్టేసి, రెక్కలు అంటించి పంజరంలో తిప్పుతారు. చాలా పిట్టలు పండగ దాటి బతకవు. ఆ పంజరం ముందు దండం పెట్టి పది రూపాయలు ఇస్తే, వచ్చే ఏడాది ఇంకో పిట్టను పట్టడానికి పెట్టుబడి పెట్టినట్టే. డబ్బు ఇవ్వకండి, అటవీశాఖకు ఫోన్ చేయండి. పాలపిట్టను చూడాలంటే పిల్లల్ని తీసుకుని పొద్దున్నే శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వెళ్లండి. చేల మీదుగా పోయే తీగల మీద కూర్చుని పురుగుల కోసం కిందికి చూస్తూ ఉంటుంది. కూర్చున్నప్పుడు మామూలు పిట్టలాగే ఉంటుంది, ఎగిరితేనే ఆ నీలం తెలుస్తుంది. కాబట్టి కారు దూరంగా ఆపి, అది ఎగిరేదాకా ఓపిగ్గా ఉండండి.