ఐరన్ మాత్ర వేసుకుంటున్నా రక్తం ఎందుకు పెరగడం లేదు?

(దృశ్యం: వంటింటి గట్టు. స్టీలు గ్లాసులో టీ, పక్కనే ఎర్ర మాత్ర.)

నమస్కారం. నా మొదటి కాన్పప్పుడు రోజూ పొద్దున్నే ఈ మాత్ర వేసుకుని, వెంటనే ఈ టీ తాగేదాన్ని. ఒక్క రోజూ మాత్ర మానలేదు. అయినా ఆరో నెలలో హిమోగ్లోబిన్ 9 దగ్గరే ఉంది. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మాత్ర దేనితో వేసుకోవాలో, దేనితో వేసుకోకూడదో నాకు ఎవరూ చెప్పలేదు. మీకు అలా జరగకూడదనే ఈ వీడియో.

టీలో ఉండే టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి, ఒంటికి అందనివ్వవు. కాఫీతోనూ ఇదే ఇబ్బంది. మాత్రకి ముందు గంట, తర్వాత గంట రెండూ వద్దు. నిమ్మరసంతో వేసుకున్నా, పక్కన జామకాయ ముక్క తిన్నా ఐరన్ బాగా పడుతుంది. కాల్షియం మాత్రనీ దీంతో కలపకండి, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. నేను రెండో కాన్పుకి టిఫిన్‌తో కాల్షియం, రాత్రి పడుకునే ముందు ఐరన్ వేసుకున్నాను.

మలం నల్లగా వస్తే టెన్షన్ పడకండి, ఐరన్‌తో అది మామూలే. కడుపులో తిప్పుతున్నా, మలబద్ధకం ఉన్నా సొంతంగా మానేయకుండా డాక్టర్‌కి చెప్పండి. ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. చాలామంది బిడ్డ పుట్టగానే ఆపేస్తారు. దయచేసి ఆపకండి.

(దృశ్యం: ఎంవీపీ కాలనీ రైతు బజారు.)

"ఇద్దరి కోసం తినాలమ్మా" అని అత్తమ్మలు ప్రేమగా వడ్డిస్తారు. నిజానికి రోజుకి అదనంగా కావలసింది 350 కేలరీలే. ఒక గుడ్డు, గ్లాసు పాలు, ఒక అరటిపండు దాదాపు సరిపోతాయి. అన్నం రెట్టింపు చేయడం కంటే పప్పు, తోటకూర, మునగాకు పెంచండి. మన చోడి (రాగి) అంబలిని చిన్నచూపు చూడొద్దు. 100 గ్రాముల చోడి పిండిలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంది. కుంకుమపువ్వుతో బిడ్డ తెల్లగా పుట్టదు. ఆ డబ్బుతో గుడ్లు కొనండి.

(దృశ్యం: ఫిషింగ్ హార్బర్, చేపల బుట్టలు.)

విశాఖలో ఉండి చేప మానేయడం ఎందుకు? కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు బాగా ఉడికించి వారానికి రెండుసార్లు తినండి. వీటిలోని కొవ్వు బిడ్డ మెదడుకి మేలు. సొరచేప, కొమ్ము కోనాం మాత్రం వద్దు. అవి చిన్న చేపల్ని తిని పెరుగుతాయి కాబట్టి వాటిలో పాదరసం పోగవుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఎండు చేపల జోలికి వెళ్ళొద్దు, ఉప్పు ఎక్కువ.

(దృశ్యం: ఆర్కే బీచ్, ఎండ ఎక్కకముందు.)

డాక్టర్ వద్దనకపోతే రోజూ అరగంట నడవండి. మన ఉక్కపోతకి నీళ్ళ సీసా వెంట ఉండాలి. బీచ్ దూరమైతే మీ వీధి చాలు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఈసారి వెళ్ళినప్పుడు హిమోగ్లోబిన్ ఎంతో అడిగి కార్డు మీద రాయించుకోండి. రక్తస్రావం అయినా, తలనొప్పి తీవ్రంగా ఉన్నా, కళ్ళు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.