మామాకోడళ్ల కబుర్లు, 41వ భాగం: చెరువు గట్టున శనివారం

కోడలు: శ్రోతలందరికీ నమస్కారం. బెంగళూరు సర్జాపుర రోడ్డులోని మా ఇంటి నుంచి, ఎప్పటిలాగే వంటగది తలుపు వేసుకుని మాట్లాడుతున్నాం. శనివారం పొద్దున్నే చెరువు గట్టుకు వెళ్లి పనిచేసే వాలంటీర్ల గురించి చెప్పుకుందామని పోయినసారి మాట ఇచ్చాం. నీలం డ్రమ్ము సంగతి ఎవరూ ఎత్తకూడదని ముందే ఒప్పందం కూడా చేసుకున్నాం.

మామయ్య: నేను ఎత్తను. అయితే చెరువు అన్నాక ముందు మరవ గురించి చెప్పాలి.

కోడలు: ఒక్క నిమిషం కాకుండానే మరవ వచ్చేసింది. లెక్క రాసుకునే శ్రోతలు ఒక గీత గీసుకోండి.

మామయ్య: గీసుకోనీ అమ్మాయ్. పుస్తకాల్లో అలుగు అంటారు, మా మదనపల్లె వైపు మరవ అంటాం, ఇక్కడి కన్నడిగులు కోడి అంటారు. పేరు ఏదైనా, చెరువు నిండాక కట్ట తెగకుండా మిగులు నీరు కింది చెరువుకు పోయే దారి అదే. పెద్ద నది లేని ఈ ఊళ్లో పాతవాళ్లు చెరువులను గొలుసుగా కట్టారు. మన కైకొండ్రహళ్లి నీరు సౌళు కెరె మీదుగా బెళ్లందూరుకు, అక్కడి నుంచి వర్తూరుకు, చివరికి దక్షిణ పినాకినికి చేరుతుంది. గట్టు మీద మొక్కలు నాటే మీలో ఎంతమందికి మరవ ఏ వైపున ఉందో తెలుసు?

కోడలు: నాకు తెలుసు, మీరే నాలుగుసార్లు తీసుకెళ్లి చూపించారు కదా. ఈ వారం మాత్రం మన గేటు దగ్గర ఎండుటాకుల గొడవ వల్ల గట్టుకు వెళ్లలేకపోయాను.

మామయ్య: దాన్ని గొడవ అనకు. నేను ఒక ప్రశ్న మాత్రమే అడిగాను.

కోడలు: శ్రోతలకు మొదటి నుంచి చెప్పనివ్వండి. ఫిబ్రవరి వచ్చేసరికి మా వీధిలోని నిద్రగన్నేరు చెట్లు ఆకు రాలుస్తాయి, రోజుకు ఐదారు గోనెసంచులు నిండుతాయి. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించినా, మా వీధిలో పోయిన ఏడాది వరకు పొగ ఆగలేదు. అందుకని ఆరుగురం చందా వేసుకుని, ఇనుప వలతో నడుమెత్తు గూడు ఒకటి కట్టించాం. అందులో ఆకు వేసి తొక్కుతూ, మధ్యమధ్య పేడనీళ్లు చల్లాలి.

మామయ్య: నేను పుల్లమజ్జిగ పోయమన్నాను.

కోడలు: మీరు పోయమనలేదు, ఎవరికీ చెప్పకుండా రెండు చెంబులు పోసేశారు.

మామయ్య: తోడు వేయకుండా పాలు తోడుకుంటాయా?

కోడలు: ఇక్కడ తోడు కంటే పాళ్లు ముఖ్యం, మామయ్యగారూ. కర్బనం ముప్పై పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే కుప్ప చురుగ్గా మాగుతుంది. ఎండుటాకులో కర్బనమే ఎక్కువ కాబట్టి ఆకు ఒక్కటే వేస్తే నెలల తరబడి కదలదు, వంటింటి తడి చెత్త ఒక్కటే వేస్తే కంపు కొడుతుంది. మీ మజ్జిగ వల్ల మనకు వచ్చింది ఈగలే.

మామయ్య: ఆ ఈగలు మజ్జిగకు రాలేదు, రెండో అంతస్తు వాళ్లు అందులో పారేసిన బిర్యానీకి వచ్చాయి. ఆ సంగతి నువ్వు ఇక్కడ చెప్పవు.

కోడలు: ఇప్పుడు మీరే చెప్పేశారు, వాళ్లు కూడా మన శ్రోతలే.

మామయ్య: విననీ. ఆదివారం ఆ గూడు విప్పినప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. పైన బెత్తెడు మేర ఆకు పొడిగా గలగలలాడుతోంది. దాని కింద ఆకుకూ ఆకుకూ మధ్య తెల్లటి బూజు దారాలు అల్లుకుని ఉన్నాయి. ఇంకా లోపలికి చెయ్యి పెడితే, పది లెక్కపెట్టేలోపే వేడికి తీసేయవలసి వచ్చింది. అట్టడుగున నల్లటి ఎరువు తొలకరి వాసన వేస్తోంది. అది చూసి నాకు సంతోషం కలగలేదంటే అబద్ధమవుతుంది. అయితే ఆ కుప్పను తిరగేసింది మీ ఆరుగురిలో ఎవరు?

కోడలు: ఆ సమయానికి మేము ఫొటో తీసుకుంటున్నాం.

మామయ్య: తిరగేసింది వీధి ఊడ్చే పౌరకార్మికురాలు. ఆకు ఎత్తుకుపోవడానికి బండి రాదు, వీధిలో ఉంచితే మేస్త్రీ తిడతాడు, అందుకే ఆమె ఒక్క అగ్గిపుల్లతో పని ముగించుకునేది. అలా కాల్చినందుకు నువ్వు కసురుకున్నావు. ఇప్పుడు సంచులు మోసేదీ, వలలోకి ఎత్తిపోసేదీ, పదిహేను రోజులకొకసారి తిరగేసేదీ ఆమే. జీతం ఒక్క రూపాయి పెరగలేదు.

కోడలు: మీరు అంత కఠినంగా అనవలసింది కాదు. మొదటి నెల మేమే తొక్కాం, ఆ తర్వాత ఆఫీసులు, పిల్లల పరీక్షలు అడ్డువచ్చిన మాట నిజమే. కానీ ఆ పొగను అందరికంటే ముందు పీల్చింది కూడా ఆమే కదా? 2012లో మావళ్లిపుర చెత్తకుప్ప మూతపడితే ఊరంతా వీధుల్లో చెత్త పేరుకుపోయింది. ఆ తర్వాత మండూరు వాళ్లు పోరాడితే 2014 చివరికి అక్కడా ఆపవలసి వచ్చింది. మన చెత్త ఇంకొకరి ఊరికి పోకూడదనే కదా మేము ఈ పని మొదలుపెట్టింది?

మామయ్య: ఇంకొకరి ఊరికి పోకూడదు గానీ, ఇంకొకరి నెత్తికి పోవచ్చునా?

కోడలు: కుప్ప తిరగేసిన రోజుకు ఆమెకు విడిగా కూలి ఇద్దామని నేను మీటింగులో రెండుసార్లు అడిగాను. వాలంటీర్ పనికి డబ్బెందుకని కొట్టిపారేశారు.

మామయ్య: ఆ సంగతి నాకు చెప్పలేదే, అమ్మాయ్.

కోడలు: అప్పుడు మీరు నీలం డ్రమ్ము పనిలో ఉన్నారు.

మామయ్య: ఒప్పందం తప్పింది నువ్వే, శ్రోతలు సాక్ష్యం. ఈ నెల కూలి నా పింఛనులోంచి ఇస్తాను, వచ్చే నెలకు మళ్లీ మీటింగులో అడుగు, ఈసారి నేను కూడా వస్తాను.

కోడలు: మీరు వస్తే మీటింగు రాత్రి పదకొండు దాకా సాగుతుంది. సరే, చెరువు మాట మిగిలిపోయింది, త్వరగా చెబుతాను. కైకొండ్రహళ్లి చెరువు 48 ఎకరాలది. 2009 నుంచి చుట్టుపక్కల నివాసులు మహానగర పాలికెతో కలిసి పనిచేసి దాన్ని నిలబెట్టుకున్నారు. జేపీ నగర్ పక్కన పుట్టెనహళ్లి చెరువు కోసం 2010లో అక్కడివాళ్లు ట్రస్టు పెట్టుకున్నారు. కానీ 2015లోనూ 2017లోనూ మంటలు లేచిన బెళ్లందూరులాంటి పెద్ద చెరువును శనివారం చీపుళ్లు బాగుచేయలేవు. పైనుంచి వచ్చే మురుగును శుద్ధి చేయకుండా గట్టు మీద ఎన్ని మొక్కలు నాటినా నురగ ఆగదు.

మామయ్య: ఆ నురగ ఎక్కడ లేచిందో చెప్పు. సబ్బు నీళ్లు కలిసిన మురుగు ఎత్తు నుంచి కిందికి దూకి చిలికినట్టయ్యే చోట, అంటే సరిగ్గా మరవ దగ్గర! నేను మొదటి నుంచీ—

కోడలు: రెండో గీత గీసుకోండి. మామయ్యగారూ, కింద చెత్త ఆటో పాట వినిపిస్తోంది.

మామయ్య: నేను బకెట్టు తీసుకెళ్తాను. ఈ రోజు ఏ రంగుది దించాలి?

కోడలు: ఆగండి, అది కాదు, మీ కాలికి మైకు వైరు చుట్టుకుంది—