డివైడర్‌కి గ్యాప్ అడిగే ముందు

పెద్దలందరికీ నమస్కారం. మంగళగిరి, తాడేపల్లి, పెదకాకాని వైపు నుంచి సర్పంచులు, రైతులు, వ్యాపారులు, కాలేజీ పిల్లలు ఇంతమంది వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మనమంతా 16వ నంబరు జాతీయ రహదారి పక్కన బతికేవాళ్ళం. నంబరు మారి చాలా ఏళ్ళయినా మనలో చాలామందికి అది ఇంకా ఐదో నంబరు హైవేనే. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే లారీ, గన్నవరంలో విమానం అందుకోవాల్సిన కారు, మిర్చి యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు తోలే ట్రాక్టరు, మిరప కోతలకు కూలీలను ఎక్కించుకున్న ఆటో, స్కూలుకి వెళ్ళే సైకిలు, అన్నిటికీ అదే రోడ్డు. ప్రమాదం జరిగితే స్పీడు అంటాం, తాగి నడిపాడంటాం, హెల్మెట్ లేదంటాం. అవన్నీ నిజమే. కానీ ఆ రోడ్డు మీదికి బండ్లు ఎక్కడెక్కడ ఎక్కుతున్నాయి, ఎక్కడ దిగుతున్నాయి, ఎక్కడ అడ్డంగా దాటుతున్నాయి అన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఇంజినీర్లు దీన్ని యాక్సెస్ మేనేజ్‌మెంట్ అంటారు. ఈ సాయంత్రం నేను మాట్లాడేది దాని గురించే.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61,038 మంది జాతీయ రహదారుల మీదే పోయారు. దేశంలో ఉన్న మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం మాత్రమే. అంత కొంచెం రోడ్డు మీద మూడో వంతుకు మించి ప్రాణాలు పోతున్నాయంటే, మంచి రోడ్డు వేసి ఊరుకుంటే సరిపోదని అర్థం.

మీరు కృష్ణా డెల్టా రైతులు, మీకు కాలువ సంగతి నేను చెప్పక్కర్లేదు. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువకు, అక్కడి నుంచి బోదెకు, బోదె నుంచి పొలానికి నీళ్ళు వెళ్ళాలి. ఎవరికి వారు ప్రధాన కాలువ గట్టుకే గండి కొట్టుకుంటే శివారు భూములు ఎండుతాయి, గట్టూ తెగుతుంది. రోడ్లకు కూడా ఇదే వరస ఉండాలి. ఇంటి నుంచి వీధిలోకి, వీధి నుంచి ఊరి రోడ్డుకి, అక్కడి నుంచి సర్వీస్ రోడ్డుకి, ఆ తర్వాతే హైవే మీదికి. మనం ఫంక్షన్ హాలు గేటుని, దాబాని, కొత్త వెంచర్ ఆర్చీని తీసుకొచ్చి సూటిగా హైవేకి తగిలిస్తున్నాం.

దీని వల్ల ఏమవుతుందో లెక్క చెబుతాను. రెండు రోడ్లు మామూలుగా కలిసే నాలుగు రోడ్ల కూడలిలో బండికి బండి తగలడానికి వీలున్న చోట్లు 32 ఉంటాయి. మూడు రోడ్ల కూడలిలో అవి 9. డివైడర్‌కి గ్యాప్ లేకుండా, ఎడమవైపు నుంచి వచ్చి ఎడమవైపే వెళ్ళే దారి అయితే కేవలం 2. ఒకటి రోడ్డు దిగేచోట, రెండోది ఎక్కేచోట. డ్రైవర్లు వాళ్ళే, బండ్లూ అవే. మారింది దారి పెట్టిన తీరు ఒక్కటే.

ఇప్పుడు డివైడర్ గ్యాప్ దగ్గరికి వద్దాం. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కలెక్టర్ గారికి, ఎమ్మెల్యే గారికి మన ఊళ్ళ నుంచి ఎక్కువగా వెళ్ళే అర్జీల్లో ఇదొకటి. ‘మా ఊరి ఎదురుగా గ్యాప్ ఇప్పించండి’ అని.

లోడుతో ఉన్న ట్రాక్టరు ట్రక్కు గ్యాప్ దగ్గర ఆగి బయలుదేరిందనుకోండి. మూడు లేన్లు కలిపి పదిన్నర మీటర్లు. ట్రాక్టరూ ట్రక్కూ కలిపి ఇంకో పది మీటర్ల దాకా ఉంటాయి. నిలబడ్డ చోటి నుంచి కదిలి తోక కూడా అవతల పడేసరికి ఎనిమిది, పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 250 మీటర్లు వచ్చేస్తుంది. చీకట్లో ఎదురుగా అడ్డంగా ఉన్నది వెనక లైటు, రేడియం స్టిక్కరు లేని ట్రక్కు. డిమ్ లైటు వెలుగు వంద మీటర్లు కూడా సరిగా అందదు. రోడ్ల ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న వాహనాన్ని ఆపడానికి 180 మీటర్లు కావాలి. ఇక్కడ ఆ కారు డ్రైవర్ ఎంత నేర్పరి అయినా చేయగలిగింది లేదు.

యూటర్న్ తీసుకునే లారీ సంగతి ఇంకోటి. డివైడర్ వెడల్పు చాలాచోట్ల నాలుగైదు మీటర్లు. లారీ పొడవు దానికి రెండింతల పైనే. అందుకని అది గ్యాప్‌లో ఆగితే వెనక సగం కుడివైపు లేన్‌లోనే ఉండిపోతుంది. అన్నిటికన్నా వేగంగా బండ్లు వచ్చే లేన్ అదే.

అలాగని గ్యాప్‌లన్నీ మూసేయండి అని నేను చెప్పడం లేదు. ఒట్టిగా మూసేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పాలు పోసే మనిషి మూడు కిలోమీటర్లు ముందుకెళ్ళి, మళ్ళీ మూడు కిలోమీటర్లు వెనక్కి రాడు. రాంగ్ రూట్‌లో వస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు, పెట్రోలు ఖర్చు అతనిది, రోజూ తిరగాల్సింది అతను. గ్యాప్ మూయాలంటే ముందు అండర్‌పాస్ ఉండాలి, అక్కడిదాకా తెగిపోకుండా సర్వీస్ రోడ్డు ఉండాలి. నడిచి దాటే ఆడవాళ్ళకు, పిల్లలకు లైట్లున్న దారి ఉండాలి. వానాకాలం నీళ్ళు నిలబడి మూసుకుపోయే అండర్‌పాస్ లెక్కలోకి రాదు. ఇవి అడగడం మన హక్కు. గట్టిగా అడగండి.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం హైవేలోకి వచ్చే దారుల నియంత్రణకు 1979లోనే చట్టం చేసి, 1981లో రాష్ట్రమంతటికీ ఒకే నిబంధనావళి తెచ్చింది. ఆ దేశంలో 1999లో వచ్చిన పరిశోధన నివేదిక ఒకటి ఏం తేల్చిందంటే, మైలుకి పది చోట్ల పక్కదారులు వచ్చి కలిసే రోడ్డు మీద వాటిని ఇరవై చేస్తే ప్రమాదాల రేటు దాదాపు 40 శాతం పెరుగుతుందని. అక్కడి రోడ్లు వేరు, మనుషుల అలవాట్లు వేరు, నిజమే. కానీ అక్కడ షేర్ ఆటోలు లేవు, ఎదురొచ్చే ఎడ్లబండ్లు లేవు. మనకు ఆ పెరుగుదల తక్కువ ఉంటుందని నేననుకోను.

ట్రాఫిక్ జామ్‌ల మాటకొస్తే, మూడు లేన్ల రోడ్డుకి ఒక సిగ్నల్ పెట్టి సగం సేపు ఆపితే ఆ రోడ్డు ఒకటిన్నర లేన్ల పనే చేస్తుంది. మిగతా ఒకటిన్నర లేన్లకు పోసిన డబ్బు వృథా. ఎడమ లేన్‌లో ఆటోలు నిలబడితే ఇంకా తగ్గుతుంది.

మన విజయవాడలోనే చూడండి. కృష్ణ మీద కనకదుర్గ వారధి, అంటే ఇప్పటి హైవే వంతెన, లేని రోజుల్లో మద్రాసు నుంచి కలకత్తా పోయే లారీ ప్రకాశం బ్యారేజీ మీదుగా ఊళ్ళోకి రావాల్సిందే. ఆ బాధ తప్పించడానికి వారధి మీదుగా, బెంజి సర్కిల్ మీదుగా, రామవరప్పాడు రింగు దాకా రోడ్డు వేశారు. అప్పటికి అదే బైపాస్. తర్వాత దానికి రెండువైపులా షోరూములు, ఆసుపత్రులు, హోటళ్ళు వచ్చాయి. ఒక్కోటీ ఒక్కో దారి తీసుకుంది. బైపాస్ కాస్తా ఊరి మెయిన్ రోడ్డయింది. చివరికి 2020లో బెంజి సర్కిల్ మీద ఫ్లైఓవర్ ఎక్కించాం, అదీ చాలక పక్కనే రెండోది కట్టాం. అలా పోగొట్టుకున్న రోడ్డుని కోట్లు పోసి గాల్లో మళ్ళీ కొనుక్కున్నాం.

ఇప్పుడు పడమటి బైపాస్ వచ్చింది. చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా, కృష్ణ దాటి కాజ దాకా దాదాపు 48 కిలోమీటర్లు, ఆరు లేన్లు. దానికి రెండువైపులా చాలాచోట్ల ఇంకా పొలాలే. నా ఆశంతా ఆ పొలాల మీదే ఉంది. కట్టడాలు వచ్చాక గేటు తీసేయించడం ఎవరి తరమూ కాదు. రాకముందు అయితే ఒక కాగితంతో పని జరుగుతుంది.

చట్టం మనకుంది. జాతీయ రహదారుల భూమి, ట్రాఫిక్ నియంత్రణకు 2002లో చేసిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా హైవేలోకి దారి పెట్టుకోకూడదు. పెట్రోల్ బంక్ కూడా బండి వేగం తగ్గించుకోవడానికి, పెంచుకోవడానికి విడిగా లేన్లు వేసుకున్నాకే దారి పొందాలి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్‌లో, కట్టడంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే, బాధ్యులైన అధికార సంస్థకి గానీ కాంట్రాక్టరుకి గానీ లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. లక్ష చాలా తక్కువని నా అభిప్రాయం. అయినా తప్పు ఎప్పుడూ డ్రైవర్‌దే కానక్కర్లేదని చట్టం ఒప్పుకుంది, అది చిన్న విషయం కాదు.

వ్యాపారుల భయం నాకు తెలుసు. ఎదురుగా గ్యాప్ మూస్తే బేరాలు పోతాయని టెన్షన్. ఒక్కటి ఆలోచించండి. మీ దుకాణం దగ్గర ఆగాలంటే గుండె చేత పట్టుకోవాల్సి వస్తే, కుటుంబంతో వచ్చేవాడు ఆగుతాడా? సర్వీస్ రోడ్డు మీద నెమ్మదిగా వచ్చేవాడు బోర్డు చదువుతాడు, బండి ఆపుతాడు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇలాంటి మార్పులు చేసిన రోడ్ల పక్క వ్యాపారులను అడిగితే, అమ్మకాలు తగ్గలేదన్నవాళ్ళే ఎక్కువమంది. పక్కపక్కన ఉన్న రెండు ఫంక్షన్ హాళ్ళు ఒకే గేటు వాడుకుంటే ముహూర్తాల రోజుల్లో రెండిటికీ సుఖం.

సర్పంచులకు నా విన్నపం. మీ ఊళ్ళో హైవే పక్క లేఅవుట్ వస్తుంటే, లేఅవుట్లకు అనుమతిచ్చే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏకి వెళ్ళే ప్లాన్ కాపీ తెప్పించుకుని రెండే విషయాలు చూడండి. ప్లాట్లన్నిటికీ వెనకవైపు నుంచి రోడ్డుందా? పక్క లేఅవుట్‌తో ఆ రోడ్డు కలుస్తుందా, గోడ దగ్గర ఆగిపోతుందా? ఆగిపోతుంటే అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, మినిట్స్‌లో ఎక్కించండి. హైవే అధికారులకు పెట్టే అర్జీలో ‘గ్యాప్ కావాలి’ అని రాయకండి. అండర్‌పాస్ ఎంత దూరంలో ఉంది, సర్వీస్ రోడ్డు ఎక్కడ తెగిపోయింది, గత మూడేళ్ళలో అక్కడ ఎన్ని ప్రమాదాలు జరిగాయి, స్టేషన్ నుంచి ఎఫ్‌ఐఆర్ నంబర్లతో సహా రాయండి. అర కిలోమీటరు పరిధిలో మూడేళ్ళలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, మొత్తం పదిమంది చనిపోయినా, కేంద్రం లెక్కలో అది బ్లాక్ స్పాట్. ఆ ఆధారం చేతిలో ఉంటే మీ అర్జీని పక్కన పడేయడం కష్టం.

ఆ అర్జీ నమూనా ఒకటి రాసి తెచ్చాను, వెళ్ళేటప్పుడు బల్ల మీద తీసుకోండి. ఇక మీరు అడగండి, చెబుతాను.